డిస్కు బ్రేకు వణకుట – కారణములు, నివారణోపాయములు

మన పల్లెలలో మోటారు సైకిలు నేడు విలాసవస్తువు కాదు. పాలక్యానులను కేంద్రమునకు చేర్చుట, ఎరువుల బస్తాను పొలమునకు తెచ్చుట, పిల్లలను బడియొద్ద దింపుట, అర్ధరాత్రివేళ రోగిని ఆసుపత్రికి కొనిపోవుట – ఇవన్నియు దానిమీదనే జరుగుచున్నవి. ఒకప్పుడు ఈ వాహనములలో చాలవాటికి రెండు చక్రములకును డ్రమ్ము బ్రేకులే యుండెడివి. 1999లో వచ్చిన హీరో హోండా సి.బి.జెడ్. వంటి బండ్ల ముందు చక్రమున మెరయుచుండిన ఉక్కు పళ్లెరమును జనులు గుమిగూడి వింతగా చూచిరి. ఆ పళ్లెరమే డిస్కు. 2019 ఏప్రిల్ 1 నుండి 125 సి.సి.కి మించిన క్రొత్త ద్విచక్ర వాహనములన్నిటికిని, చక్రము బిగిసి జారకుండ కాపాడు ఏ.బి.ఎస్. సాధనము తప్పనిసరియైనది. దానితో డిస్కు బ్రేకు మన వీధులలో సామాన్యమైపోయినది.

బ్రేకు మారినది గాని, దానిని గూర్చిన మన తెలివిడి ఇంకను డ్రమ్ము బ్రేకుల కాలముననే ఆగియున్నది. అందువలన కలుగు నష్టములలో ఒకదానిని గూర్చి ఈ వ్యాసమున ముచ్చటింతును.

వాహనము కొని రెండు మూడు సంవత్సరములైన పిదప కొందరికి ఒక చిక్కు ఎదురగును. ముందు బ్రేకు పట్టగానే చేతిలోని లీవరు నాడివలె కొట్టుకొనును. హ్యాండిలు వణకును. వేగము తగ్గినకొలది ఆ కొట్టుకొనుట నెమ్మదించి, బండి ఆగుసరికి ఆగిపోవును. మెకానిక్కునకు చూపినచో అతడు చక్రమును ఒక్కసారి త్రిప్పి, "డిస్కు బెండయినది, మార్చవలెను" అని తీర్పు చెప్పును. డిస్కు మార్పించిన వెంటనే బండి చక్కగా ఆగును. కాని మూడు నెలలో ఆరు నెలలో గడచినంతనే ఆ వణకు మరల వచ్చును.

ఇది నాకే జరిగినది. కృష్ణా డెల్టాలోని రేగడి నేలలలో తిరుగు నా బండికి ఒకటిన్నర సంవత్సరములో రెండు డిస్కులు మార్చితిని. మొదటిదానిని మార్చిన పనివారు పాతదానిని కొలువలేదు. ఎందుచేత వంగినదని నేనును అడుగలేదు. రెండవది కూడ వణక నారంభించినపుడు, ప్రక్క యూరిలోని ఒక వృద్ధ మెకానిక్కు డిస్కువైపు చూడనైన చూడక, దానిని పట్టు క్యాలిపరును విప్పి, దానిలోని జారుడు పిన్నును వ్రేలితో కదల్పుమని నాకిచ్చెను. అది కదలలేదు. తుప్పును, ఎండిన బురదయు కలిసి దానిని సిమెంటు వేసినట్లు బిగించివైచెను. దోషము అక్కడ నుండగా నేను సొమ్ము వెచ్చించినది వేరొకచోట!

సొమ్ము పోవుట ఒక నష్టము. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. లీవరు వణకుచుండిన రౌతు క్రమముగా ముందు బ్రేకును నమ్ముట మాని, వెనుక బ్రేకుతోనే బండిని ఆపుటకు అలవాటుపడును. మన పల్లెలలో ముందు బ్రేకు పట్టినచో పల్టీ కొట్టుదుమను భయము ముందే యున్నది. కాని వాహనము ఆగునపుడు బరువంతయు ముందు చక్రముపైకి ఒరగును. వెనుక చక్రము తేలికయగును. కనుక ఆపు శక్తిలో అధికభాగము ముందు బ్రేకునకే కలదు. దానిని విడిచిన రౌతు, గేదె అడ్డము వచ్చిననాడు ఆగవలసిన చోట ఆగడు.

డిస్కు బ్రేకు పనిచేయు విధము

లీవరు నొక్కినపుడు, దాని మొదట నున్న మాస్టరు సిలిండరులోని బ్రేకు ఆయిలు గొట్టము గుండ దిగి, చక్రము ప్రక్కనున్న క్యాలిపరులోని పిస్టనును నెట్టును. పిస్టను ఒక ప్యాడును డిస్కుపైకి నొక్కును. సాధారణపు బండ్లలో పిస్టను ఒకవైపుననే యుండును. రెండవవైపు ప్యాడును నొక్కుటకు క్యాలిపరు మొత్తము రెండు పిన్నులపై ప్రక్కకు జరుగును. పట్టకారును రెండు వ్రేళ్లతో నొక్కునపుడు ఒక వ్రేలు కదలకుండినను రెండవ వ్రేలి నొక్కుడుచే రెండు దవడలును దగ్గరకు వచ్చుట చూచితిరి గదా, ఇదియు అట్టిదే. కనుకనే ఆ పిన్నులు జారుట ముఖ్యము.

లీవరు విడిచినపుడు పిస్టనును వెనుకకు లాగుటకు అందు స్ప్రింగు ఏదియు లేదు. పిస్టను చుట్టునున్న చతురస్రాకారపు రబ్బరు వలయము, నొక్కినపుడు కొంచెము మెలిపడి, విడిచినపుడు తన పూర్వరూపమునకు వచ్చుచు పిస్టనును వెంట్రుకవాసి వెనుకకు లాగును. ప్యాడునకును డిస్కునకును నడుమ మిగులు సందు అంతమాత్రమే. ఈ స్వల్పపు సందుననే ఈ వ్యాసపు విషయమంతయు ఇమిడియున్నదని చెప్పవచ్చును.

వేడిమి లెక్క

ఆగుట యనగా కదలికను వేడిగా మార్చుట. ఎంత వేడి? వాహనము, ఇరువురు మనుష్యులు, నలుబది లీటర్ల పాలు – అన్నియు కలిసి 300 కిలోగ్రాములనుకొందము. గంటకు 60 కిలోమీటర్ల వేగమునుండి ఒక్కసారి ఆపినచో సుమారు 41,700 జౌళ్ల వేడి పుట్టును. డిస్కు బరువు సుమారు ఒక కిలోగ్రాము. కిలోగ్రాము ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కుటకు 480 జౌళ్లు కావలెను. ఆ వేడియంతయు ముందు డిస్కులోనికే పోయినను దాని యుష్ణము 90 డిగ్రీలకంటె తక్కువయే పెరుగును. ఇట్టి వేడికి ఉక్కు వంగదు. ఆ తరువాత గాలి తగిలి చల్లారిపోవును. కావున ఊరి రోడ్లమీద నడుచు బండికి డిస్కు వేడిచేత వంగినదన్న మాటను వెంటనే నమ్మరాదు.

ఘాటు రోడ్డు సంగతి వేరు. తిరుమల కొండకును తిరుపతికిని ఎత్తులో భేదము సుమారు 700 మీటర్లు. 1944లో నిర్మింపబడిన మొదటి ఘాటు రోడ్డు నేడు దిగుటకును, 1974 నాటి రెండవ రోడ్డు ఎక్కుటకును వినియోగపడుచున్నవి. అదే 300 కిలోగ్రాముల బరువు ఆ కొండ దిగునపుడు విడుదలయగు శక్తి 20 లక్షల జౌళ్లకు పైమాట. 60 కిలోమీటర్ల వేగమునుండి దాదాపు 50 సార్లు ఆపినదానితో సమానము! అంతయు ఒకేసారి ఒక డిస్కులో చేరినచో ఆ ఉక్కు కరగిపోవును. గాలి చల్లార్చుటచేతను, ఇంజను కొంత భారము వహించుటచేతను అట్లు జరుగుట లేదు. ఇంజనును ఆపి, లేక క్లచ్చు పట్టి, పెట్రోలు మిగిలినదని సంతోషించుచు దిగువారు ఈ లెక్కను ఒకసారి ఆలోచింపవలెను. ఆ రెండు మూడు రూపాయల పెట్రోలుకై వారు బ్రేకుమీద మోపు బరువు ఎంతయో!

ఏ గేరులో ఎక్కెదమో ఆ గేరులోనే దిగవలెనను పాతమాట నేటికిని చెల్లును. బ్రేకును పొడుగునను సన్నగా పట్టియుంచక, మలుపునకు ముందు రెండు బ్రేకులను గట్టిగా పట్టి వేగము తగ్గించి, వెంటనే పూర్తిగా విడువవలెను. గేరులేని స్కూటర్లకు ఇంజను అడ్డగింత స్వల్పము. వారు ఇంకను నెమ్మదిగా దిగి, నడుమ ఒకటి రెండు చోట్ల ఆగి బ్రేకును చల్లారనిచ్చుట మేలు. శ్రీశైలము, అరకు, మారేడుమిల్లి మార్గములలో తిరుగువారికిని ఇదియే వర్తించును.

వంకరయా, మందములో భేదమా?

ఉక్కు వేడిచే నిజముగా వంగుట ఎట్లో తెలిసికొనుటకు బండి చక్రమునకు ఇనుపపట్టా వేయు పద్ధతిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పట్టాను ఎఱ్ఱగా కాల్చినచో అది సాగును. చక్రమునకు ఎక్కించి నీరు పోసినచో ముడుచుకొని కొయ్యను బిగించును. డిస్కులో ఒక భాగము మాత్రమే అధికముగా కాలి, చుట్టునున్న లోహము చల్లగా నున్నచో, కాలినచోటు సాగుటకు తావులేక తనలో తాను నలిగిపోవును. చల్లారినపుడు అది ముందటికంటె కురచయై చుట్టునున్న లోహమును లాగును. అప్పుడు డిస్కు పెనము వలె ఒకవైపు ఉబ్బును. ఖరీదైన కొన్ని వాహనములలో డిస్కు యొక్క వెలుపలి వలయమును లోపలి చట్రమునకు బొత్తాముల వంటి ముక్కలతో వదులుగా కూర్చుటకు కారణమిదే. వలయము తన యిచ్చవచ్చినట్లు సాగి ముడుచుకొనగలదు.

ఇట్టి వంకర లేదని కాదు. కాని వణకునకు అది ఒక్కటే కారణము కాదు. తరచైన కారణమును కాదు. 2003లో మరణించిన అమెరికా పందెపు కార్ల ఇంజనీరు కారల్ స్మిత్, వేడిచే వంగిన డిస్కు అనునది చాలమట్టుకు అపోహయని ఒక వ్యాసమున వాదించిరి. ప్యాడు పదార్థము డిస్కుపై సమముగాక అక్కడక్కడ అంటుకొనుటయే వణకునకు మూలమని వారి అభిప్రాయము. వారు చెప్పినది ప్రధానముగా కార్ల మందపు పోతయినుప డిస్కులను గూర్చి. మన బండ్ల డిస్కులు తుప్పు సులభముగా పట్టని ఉక్కుతో చేసిన పలుచని రేకులు. క్రొత్తవాటి మందము సామాన్యముగా 4, 5 మిల్లీమీటర్లే. ఇవి దెబ్బకు సులభముగా వంగును. కనుక వారి మాటను యథాతథముగా మనకు అన్వయింపరాదు. అయినను మూలసూత్రము మనకును వర్తించును.

ఆ సూత్రమేమి? డిస్కు కొంచెము వంకరయైనను, దాని మందము అంతటను ఒకటిగానే యున్నచో, స్వేచ్ఛగా జారు క్యాలిపరు దానితోపాటు అటునిటు ఊగును. లీవరు అంతగా కొట్టుకొనదు. మందములో భేదమున్నచో మాత్రము, మందమైన చోటు వచ్చినపుడెల్ల అది ప్యాడ్లను ఎడముచేసి, పిస్టనును వెనుకకు నెట్టి, ఆయిలును పైకి త్రోసి లీవరును కదల్చును. ఈ భేదము మిల్లీమీటరులో కొన్ని శతాంశములున్నను చేతికి తెలియును. మన తలవెంట్రుక మందమే మిల్లీమీటరులో పదవవంతునకు తక్కువ యనిన, ఎంత స్వల్పభేదమో ఊహించుకొనవచ్చును.

వంకరకును మందపు భేదమునకును సంబంధము లేకపోలేదు. కొంచెము వంకరగా నున్న డిస్కు, బ్రేకు పట్టకయే నడచునపుడు కూడ, చుట్టునకు ఒకసారి ప్యాడును రాచుకొనును. ప్రతి చుట్టులోను అదే చోటు. వేలకొలది కిలోమీటర్లు నడచుసరికి ఆ చోటు అరగి పలుచనగును; వణకు ప్రారంభమగును. క్రొత్త డిస్కు మొదట చక్కగా నుండి, నెలలు గడచిన పిదప వణకుటలోని రహస్యమిది. డిస్కు మారినది గాని, దానిని అరగదీయు కారణము మారలేదు.

ఆ కారణములు ఎక్కడ నుండును?

మొదట చూడవలసినది క్యాలిపరు. పిన్నులు జారకున్నచో పిస్టనువైపు ప్యాడు మాత్రమే డిస్కును నొక్కి దానిని ప్రక్కకు వంచును. లీవరు విడిచినను ప్యాడు ఎడముకాక రాచుకొనుచునే యుండును. దీనికి గుర్తు సులభము: రెండు ప్యాడ్లను తీసి ప్రక్కప్రక్కన నుంచినచో ఒకటి బాగుగ అరగి, రెండవది మందముగా కనబడును. డిస్కు వంగినదని చెప్పిన మెకానిక్కును, ముందుగా ఈ రెండు ప్యాడ్లను చూపుమని అడుగుడు. నేను మొదటిసారి అట్లడిగియున్నచో నా సొమ్ము మిగిలెడిది.

మన పొలముల బురద ఈ పిన్నులకు శత్రువు. దమ్ము చేసిన మడి గట్టుపై నడచిన బండి క్యాలిపరులో రేగడి మన్ను చేరి, ఎండి, గట్టిపడును. ఎరువుల బస్తాలు మోయు బండ్లపై రాలిన రసాయనపు పొడి, తేమ తగిలినపుడు తుప్పును త్వరితపరచును. సముద్రతీరమున ఉప్పుగాలి చేయు పనియు ఇదియే. పిన్నులమీది రబ్బరు తొడుగు చిరిగినచో లోపలికి నీరు పోవుటకు ద్వారము తెరచినట్లే. ప్రతి సంవత్సరము వానకాలము ముగిసిన తరువాత ఒకసారి పిన్నులను తీయించి, తుడిపించి, బ్రేకులకై తయారుచేసిన సిలికాను గ్రీజును పలుచగా పూయించవలెను. చక్రపు బేరింగులకు వాడు సామాన్యపు గ్రీజు పనికిరాదు. అది రబ్బరును ఉబ్బజేయును. ఉబ్బిన రబ్బరు పిన్నును మరల బిగించును.

పిస్టను కూడ తుప్పుపట్టి బిగియవచ్చును. దీనికి మూలము పాతబడిన బ్రేకు ఆయిలు. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 రకపు క్రొత్త ఆయిలు కనీసము 230 డిగ్రీల వరకు మరగరాదని ప్రమాణము; తేమ చేరిన పిదప ఆ ప్రమాణము 155 డిగ్రీలకు దిగును. కొండ దిగునపుడు మరగిన ఆయిలులో ఆవిరి బుడగలు పుట్టి, లీవరు నొక్కినను బ్రేకు పట్టదు. ఇది వణకుకంటె భయంకరమైన సంగతి. ప్రతి రెండు సంవత్సరములకు ఆయిలును మార్చవలెను. సీసా తెరచి నెలలు గడచిన ఆయిలును పోయనీయకుడు. ఇంజను ఆయిలును గాని, మరియే యితర నూనెను గాని ఒక చుక్కయైనను పోయరాదు.

మాస్టరు సిలిండరులో ఆయిలు వెనుకకు వచ్చుటకు సూదిమొనయంత రంధ్రము కలదు. మడ్డిచే అది మూసికొనినచో, వేడిచే వ్యాకోచించిన ఆయిలు వెనుకకు పోలేక, ఎవరును పట్టకయే బ్రేకు తనంతట తాను పట్టుకొనును. అంగడిలో దొరకు అందమైన లీవర్లను బిగించునపుడును, కొలత సరిపడక, ఈ దోషమే కలుగవచ్చును. లీవరునకు మొదట కొద్దిపాటి వదులు ఉండియే తీరవలెను. వెనుక డిస్కు గలవారు పాదమును బ్రేకు పెడలుమీదనే ఆనించి నడపు అలవాటును మానుకొనవలెను. వారి వెనుక డిస్కు దినమంతయు కాలుచునే యుండును. డిస్కుపై నీలివర్ణపు మచ్చలు కనబడినచో అది ఎన్నడో 300 డిగ్రీలనైనను దాటినదని గ్రహింపవచ్చును.

రెండవ స్థానము, డిస్కు చక్రమునకు ఆనుకొను చోటు. అక్కడ తుప్పు పెళుసు గాని, రంగు పెచ్చు గాని, 0.05 మిల్లీమీటరు మందమున మిగిలియున్నదనుకొనుడు. ఆనుకొను చోటి అడ్డుకొలత 70 మిల్లీమీటర్లు, డిస్కు అడ్డుకొలత 240 మిల్లీమీటర్లయినచో ఆ లోపము అంచుకడ మూడింతలకు పైగా, అనగా సుమారు 0.17 మిల్లీమీటరుగా కనబడును. పలు వాహనముల మరమ్మతు పుస్తకములలో డిస్కు ఊగుటకు ఈయబడిన హద్దు 0.10 నుండి 0.30 మిల్లీమీటరు వరకే యున్నది. కావున క్రొత్త డిస్కు వేయుటకు ముందు ఆ చోటును తీగ బ్రష్షుతో శుభ్రపరచి, బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా, పుస్తకమున చెప్పిన బిగువువరకు మాత్రమే బిగింపవలెను. ఒక బోల్టును పూర్తిగా బిగించి తరువాత ప్రక్కదానికి పోయినచో, మంచి డిస్కునే మనము వంచినవారమగుదుము.

మూడవది దెబ్బ. పంక్చరు కొట్టులో చక్రమును విప్పి డిస్కు క్రిందివైపునకు వచ్చునట్లు నేలపై పడవేసి, దానిపై నిలబడి టైరును ఊడదీయుట నేను చాల చోట్ల చూచితిని. అట్లు చేయువానిదే తప్పు కాదు. అతని గురువు డ్రమ్ము చక్రములపై పని నేర్పెను. అతనికి నెమ్మదిగా చెప్పి, డిస్కు పైకి నుండునట్లు చక్రమును పాత టైరుపై పరుండబెట్టింపవలెను. చక్రము బయట నున్నపుడు ఎవరును లీవరును నొక్కకుండ, ప్యాడ్ల నడుమ పలుచని చెక్కముక్కను ఉంచుట మంచిది. లేనిచో పిస్టను ముందుకు వచ్చి చక్రము మరల ఎక్కదు. డిస్కు రంధ్రములో తాళము వేసి, మరచి, బండిని కదల్చువారును కలరు. తాళమునుండి హ్యాండిలువరకు ఒక రంగు త్రాడు కట్టియుంచినచో మరపు రాదు.

బండ్లు కడుగు చోట నీటితోపాటు డీజిలు చిమ్ముట మరియొక దురలవాటు. మెరుపు వచ్చునని యజమాని సంతోషించును; ప్యాడ్లు మాత్రము ఆ నూనెను పీల్చుకొని చెడును. ఎండలో దూరము నడచివచ్చిన వెంటనే డిస్కుపై చన్నీళ్లు పోయుటయు తగదు. వాననీటిలో తిరుగుచుండిన డిస్కు అంతటను సమముగా చల్లారును. నిలిచియున్న డిస్కుపై బకెట్టుతో పోసిన నీరు ఒకచోటనే చల్లార్చును. అట్లే కొండ దిగిన వెంటనే లీవరును గట్టిగా పట్టి నిలబడరాదు. కాలియున్న ప్యాడు తన పదార్థమును డిస్కుపై ముద్రవలె అంటించును. ఆ ముద్రయే రేపటి వణకు.

ఇంటియొద్దనే చేయదగిన పరీక్ష

ముందుగా వణకు డిస్కుదేనా యని చూడవలెను. బ్రేకు పట్టకున్నను హ్యాండిలు వణకినచో చక్రపు రిమ్మును, టైరును, బేరింగులను అనుమానింపుడు. హ్యాండిలు క్రింది కోన్‌సెట్టు వదులైనను బ్రేకు పట్టినపుడు టకటక మనును. ఏ.బి.ఎస్. గల బండిలో, గట్టిగా పట్టి చక్రము జారబోవునపుడు మాత్రమే లీవరు చకచక కొట్టుకొనును. అది దోషము కాదు, ఆ సాధనము పనిచేయుచున్నదని గుర్తు. డిస్కు వణకు అట్లు కాదు. చక్రము చుట్టునకు ఒకసారి, 40 కిలోమీటర్ల వేగమున సెకనుకు సుమారు ఆరుసార్లు వచ్చి, వేగముతోపాటు తగ్గుచు పోవును.

బండిని నడిమి స్టాండుపై నిలిపి, ముందు చక్రము లేచునట్లు ఒకరిని వెనుక బరువు వేయుమనుడు. పాత సైకిలు పుల్లనొకదానిని ఫోర్కునకు టేపుతో కట్టి, దాని మొన డిస్కును ఇంచుమించు తాకునట్లు అమర్చుడు. చక్రమును చేతితో నెమ్మదిగా త్రిప్పుచు ఆ సందును గమనింపుడు. వ్రేళ్లను డిస్కు రంధ్రములకు దూరముగా నుంచవలెను. సందు ఎక్కడ మిక్కిలి తగ్గునో అక్కడ డిస్కుపైనను, చక్రముపైనను సుద్దతో గుర్తు పెట్టుడు. తరువాత డిస్కును విప్పి, ఒక బోల్టు స్థానము జరిపి మరల బిగించి చూచినచో నిజము బయటపడును. ఎత్తు డిస్కు గుర్తుతో జరిగినయెడల వంకర డిస్కుదే. చక్రపు గుర్తువద్దనే నిలిచినయెడల దోషము ఆనుకొను చోటున నున్నది, డిస్కు నిర్దోషి.

మందమును కొలుచుటకు మాత్రము మెకానిక్కు సహాయము కావలెను. మైక్రోమీటరుతో ఆరు లేక ఎనిమిది చోట్ల కొలువవలెను. వెర్నియరు కొలతను నమ్మరాదు. డిస్కు అంచున అరగని గట్టు మిగిలియుండుటచే దాని దవడలు ఆ గట్టునే కొలుచును. డిస్కుమీద కనీస మందము అంకెలలో చెక్కబడియుండును. ఎక్కడనైన దానికి తగ్గినచో మరమ్మతు ఆలోచన మాని, క్రొత్తది వేయవలెను. వంగిన డిస్కును సుత్తితో సరిచేయుట, పలుచని డిస్కును లేతుపై చెక్కించుట రెండును ప్రాణములతో ఆటలాడుటయే.

మందము చాలినంత యుండి, డిస్కు చక్కగానే తిరుగుచు, అంటుకొనిన ముద్రలు మాత్రమే కనబడినచో డిస్కును మార్చనక్కరలేదు. సన్నని గరుకు కాగితముతో రెండు ముఖములను గుండ్రముగా రుద్ది, ప్యాడ్ల మెరుపును కూడ రుద్ది తీసివేసి, బ్రేకులు శుభ్రపరచు ద్రవముతో తుడిచినచో పెక్కు బండ్లలో వణకు పోవును.

క్రొత్త ప్యాడ్లు గాని, డిస్కు గాని వేసిననాడు ఒక అరగంట కేటాయింపుడు. జనసంచారము లేని రోడ్డుపై గంటకు 50 కిలోమీటర్ల వేగమునుండి 10 కిలోమీటర్ల వరకు, పూర్తిగా ఆపక, మధ్యస్థముగా బ్రేకు పట్టి విడుచుచు, నడుమ కొంతదూరము గాలి తగులనిచ్చుచు ఇరువది ముప్పది సార్లు చేయవలెను. ప్యాడు పదార్థము డిస్కుపై పలుచగా, సమముగా పరచుకొనును. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు కొండలు దిగుట, బరువులు మోయుట కూడదు. పాత డిస్కును, పాత ప్యాడ్లను కొట్టువానియొద్ద విడువక ఇంటికి తెచ్చుకొనుడు. ఆరునెలల పిదప వణకు మరల వచ్చినచో, ఆ రెండు ప్యాడ్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటకు అవి కావలసివచ్చును.